ఫైనల్ ఫాంటసీ ఆటలలో ఆవాహన విద్య

ఫైనల్ ఫాంటసీ జపాను దేశానికి చెందిన స్క్వేర్ సంస్థ 1987లో ప్రారంభించిన వీడియో గేముల పరంపర. ఇవి రోల్ ప్లేయింగ్ గేమ్ అనే కోవకు చెందినవి. అనగా ఆడేవారు కథలోని పాత్రలను తామే నడిపిస్తూ, వారి శక్తులను క్రమంగా పెంచుకుంటూ కథను చివరి వరకు కొనసాగిస్తారు. ఈ పరంపరలోని ప్రధాన ఆటలను వరుస సంఖ్యలతో పిలుస్తారు. 2023లో విడుదలైనది పదహారవది. ఒక ఆట కథకు మరొక ఆట కథతో సాధారణంగా సంబంధముండదు. అయినను కొన్ని అంశాలు ఆట నుండి ఆటకు వెంట వస్తుంటాయి. వాటిలో ముఖ్యమైనది ఆవాహన విద్య, అంటే మంత్రబలంతో ఒక మహాశక్తిని పిలిచి పోరాటంలో సహాయం పొందడం.

తొలి ఆటలలో ఆవాహన అంటే పిలవగానే వచ్చి, ఒక్క దెబ్బ కొట్టి మాయమయ్యే ప్రాణి మాత్రమే. తరువాతి ఆటలలో ఆ ప్రాణికి చరిత్ర, ఇష్టాయిష్టాలు, బాధ ఏర్పడినవి. పిలుపునకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్న ప్రశ్న కథలకే కేంద్రమైనది. ఈ మార్పును తెలుపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

ఆవాహన అనే ఊహ తెలుగు పాఠకులకు కొత్త కాదు. మన కథలలో ఇది రెండు విధాలుగా కనిపిస్తుంది.

మొదటిది, పిలిచినవాడు ఏమీ కోల్పోనవసరం లేని ఆవాహన. 1951లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన పాతాళభైరవి చిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ శక్తి వశమైన తరువాత బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వారి కోరిక నెరవేరుతుంది. అడిగేవాడు తోట రాముడా, మాంత్రికుడా అన్న విచారణ ఆ శక్తికి లేదు.

రెండవది, పిలుపు తోనే బాధ్యత మొదలయ్యే ఆవాహన. మహాభారతంలో కుంతి దుర్వాసుడు ఉపదేశించిన మంత్రాన్ని పరీక్షించదలచి సూర్యుని పిలిచినది. వచ్చిన దేవుడు ఊరకే వెనుకకు పోలేదు, ఫలితంగా కర్ణుడు జన్మించినాడు. అశ్వత్థామ ప్రయోగించిన అస్త్రం సంగతి కూడా ఇటువంటిదే. పిలవడం తెలిసి, ఉపసంహరించడం తెలియకపోవడమే అక్కడి ఆపద.

ఫైనల్ ఫాంటసీలోని ఆవాహన విద్య మొదటి విధంగా ప్రారంభమై, క్రమంగా రెండవ విధానికి చేరుకున్నదని చెప్పవచ్చును.

తొలిదశ (1987-1992)

హిరోనోబు సకాగుచి రూపొందించిన మొదటి ఆట 1987 డిసెంబరులో, రెండవది 1988 డిసెంబరులో విడుదలైనవి. ఈ రెండింటిలోను ఆవాహన విద్య లేదు. తరువాతి కాలంలో ఈ విద్యకు చిహ్నంగా మారిన బహాముత్ అనే మహాసర్పం మొదటి ఆటలో ఉన్నది కాని, అక్కడ అతడు వీరులను పరీక్షించి వారి స్థాయిని పెంచే రాజు మాత్రమే.

ఆవాహన 1990 ఏప్రిల్ 27న విడుదలైన మూడవ ఆటతో ప్రారంభమైనది. ఇందులో పిలవదగిన శక్తులు ఎనిమిది: చొకోబో అనే పెద్ద పక్షి, శివ, రాము, ఇఫ్రీత్, టైటాన్, ఓడిన్, లెవియాథాన్, బహాముత్. ఒక్కొక్క శక్తికి మూడేసి ఫలితాలు ఉండేవి. విద్యలో తొలిమెట్టు మీదనున్న ఆవాహకుడు పిలిస్తే రెండు చిన్న ఫలితాలలో ఏది వస్తుందో ముందుగా తెలిసేది కాదు. పై తరగతి ఆవాహకుడు పిలిస్తే మూడవదైన పూర్తి ఫలితం లభించేది. ఓడిన్, లెవియాథాన్, బహాముత్‌లను మాత్రం ముందుగా పోరాడి గెలవాలి. శక్తిని జయించిన తరువాతనే అది వశమవుతుందన్న నియమం అప్పటి నుండి అనేక ఆటలలో కొనసాగినది.

నాలుగవ ఆట (1991) ఆవాహనను మొదటిసారిగా కథలోనికి తెచ్చినది. సెసిల్ అనే సైనికాధికారి రాజాజ్ఞపై మిస్ట్ గ్రామానికి ఒక ఉంగరాన్ని తీసుకొని వెళుతూ దారిలో అడ్డుపడిన పొగమంచు సర్పాన్ని చంపుతాడు. ఆ సర్పాన్ని పిలిచిన గ్రామస్త్రీ దానితో పాటే మరణిస్తుంది. ఉంగరం నుండి వెలువడిన మంటలకు గ్రామం కాలిపోతుంది. ఆమె కుమార్తె రిడియా దుఃఖంలో భూకంప శక్తియైన టైటాన్‌ను పిలుస్తుంది. తన తల్లి మరణానికి కారకుడైన సెసిల్‌తోనే ఆ బాలిక తరువాత కలసి ప్రయాణిస్తుంది. పిలిచినవారి ప్రాణం, పిలువబడినదాని ప్రాణం ముడిపడి ఉండవచ్చునన్న ఊహకు ఇదే బీజం.

ఈ ఆటలోనే ఆవాహిత ప్రాణులకు తమదైన లోకం ఏర్పడినది. అక్కడి రాజు లెవియాథాన్, రాణి అసుర. ఆ లోకంలో కాలం వేగంగా గడుస్తుంది కావున బాలికగా వెళ్లిన రిడియా యువతియై తిరిగివస్తుంది.

ఐదవ ఆట (1992)లో ఆవాహకుడు అనేది పాత్రలు స్వీకరించగల అనేక వృత్తులలో ఒకటి. కొన్ని శక్తులను దుకాణంలో కొనవచ్చును, కొన్నింటిని పోరాడి గెలవాలి. సిల్డ్రా అనే సముద్రసర్పం మాత్రం ఇందుకు భిన్నమైనది. ఫారిస్ అనే పాత్రకు ఆప్తమైన ఆ సర్పం మరణించిన తరువాతనే ఆవాహన శక్తిగా లభిస్తుంది.

పిలువబడే ప్రాణుల పక్షాన కథ: ఆరవ ఆట (1994)

ఆరవ ఆటలో ఈ ప్రాణులకు జపనీసు భాషలో మాయామృగమనే అర్థం వచ్చే పేరున్నది. ఆంగ్ల రూపాంతరంలో వీటిని ఎస్పర్లు అన్నారు. కథ ప్రకారం వేయేళ్ల క్రితం జరిగిన మంత్రయుద్ధం తరువాత ఎస్పర్లు మానవలోకాన్ని విడిచి ఒక మూసిన ద్వారం వెనుక నివసిస్తున్నవి. గెస్టాల్ చక్రవర్తి వాటిని బంధించి, యంత్రాలతో వాటి శక్తిని పీల్చి, సైనికులకు మంత్రబలం ఎక్కిస్తున్నాడు. ప్రధాన పాత్రయైన టెర్రా ఒక ఎస్పర్‌కు, మానవ స్త్రీకి జన్మించినది.

ఎస్పర్ మరణిస్తే మాజిసైట్ అనే రాయి మిగులుతుంది. దానిని ధరించిన పాత్ర పోరాటాల ద్వారా కొత్త మంత్రాలను నేర్చుకుంటుంది, ఆ ఎస్పర్‌ను పోరాటానికి ఒకసారి పిలువగలుగుతుంది. అంటే ఆటగాడు వాడుకుంటున్నది ఒక మృతప్రాణి అవశేషాన్ని. దుష్టచక్రవర్తి బలవంతంగా తీసుకున్న శక్తిని వీరులు దానంగా పొందుతారు. రెండింటి మధ్య భేదం ఆ ప్రాణి సమ్మతి మాత్రమే. ఈ ప్రశ్న ఇంత స్పష్టంగా ఈ పరంపరలో ఎదురైనది ఇదే మొదటిసారి. కథాంతంలో ఎస్పర్లు, మంత్రశక్తి లోకం నుండి అంతరించిపోవడం గమనింపదగినది.

దృశ్యవైభవం (1997-1999)

1997 జనవరి 31న విడుదలైన ఏడవ ఆటతో ఈ పరంపర ప్లేస్టేషన్ యంత్రానికి మారినది. త్రిమితీయ చిత్రాల వలన ఆవాహన ఒక చిన్న సినిమా వలె తయారైనది. ఇక్కడి శక్తులు మెటీరియా అనే గోళాలలో ఉంటాయి. ఎర్రని గోళాలు ఆవాహనకు సంబంధించినవి. ఆర్థర్ రాజు కొలువును తలపించే నైట్స్ ఆఫ్ ది రౌండ్ అనే ఆవాహనలో పదమూడుగురు యోధులు వరుసగా వచ్చి దాడి చేస్తారు. అది పూర్తి కావడానికి నిమిషానికి పైగా పడుతుంది. దృశ్యం పెరిగినది కాని, కథలో ఈ ప్రాణులకు స్థానం దాదాపు లేకుండా పోయినది. ఆరవ ఆటతో పోలిస్తే ఇది పాతాళభైరవి బొమ్మ పద్ధతికి తిరిగి వెళ్లడమే.

ఎనిమిదవ ఆట (1999)లో వీటికి గార్డియన్ ఫోర్స్ అని పేరు. సైనిక విద్యాలయంలో చదువుకునే విద్యార్థులు వీటిని తమ మనస్సుతో అనుసంధానించుకుంటారు. అనుసంధానం లేకుండా పాత్రలకు బలం రాదు కావున ఆటగాడు వీటిని తప్పక వాడతాడు. అయితే ఇవి మనస్సులో చోటు చేసుకొని జ్ఞాపకాలను తొలగిస్తాయని తరువాత తెలుస్తుంది. కథలోని ముఖ్యపాత్రలలో పలువురు ఒకే అనాథాశ్రమంలో పెరిగినవారు. ఆ సంగతిని వారు మరచిపోయినారు. గార్డియన్ ఫోర్సులను ఆలస్యంగా వాడనారంభించిన ఇర్విన్ ఒక్కడే దానిని గుర్తుంచుకున్నాడు. ఆటగాడు గంటల తరబడి నిశ్చింతగా వాడిన శక్తికి మూల్యం ఇదని మధ్యలో తెలియజేయడం ఈ ఆట ప్రత్యేకత.

ఆయుధముగా ఆవాహన: తొమ్మిదవ ఆట (2000)

తొమ్మిదవ ఆటలో ఆవాహన వంశపారంపర్యమైన విద్య. ఆ వంశస్థుల గ్రామమైన మదైన్ సారి నాశనం కాగా గార్నెట్, ఐకో అనే ఇద్దరు బాలికలు మాత్రమే మిగిలినారు. గార్నెట్‌ను పెంచిన బ్రానే రాణి ఆమె నుండి శక్తులను బలవంతంగా వెలికితీసి, పొరుగు రాజ్యాలపై ప్రయోగిస్తుంది. ఓడిన్ క్లేరా నగరాన్ని నేలమట్టం చేస్తాడు, అటామోస్ లిండ్‌బ్లమ్ నగరాన్ని మ్రింగివేస్తుంది. చివరకు ఆమె పిలిచిన బహాముత్‌ను కూజా అనే మాంత్రికుడు లోబరచుకొని ఆమె మీదకే మళ్లిస్తాడు. గత ఆటలో ఆటగాడు ఇష్టంగా చూసిన విధ్వంస దృశ్యమే ఇక్కడ సామాన్య ప్రజల ఇళ్లపై జరుగుతుంది. నిడివి గురించిన ఇబ్బందిని తగ్గించడానికి ఈ ఆటలో ఆవాహన దృశ్యాలు మొదటిసారి పూర్తిగాను, తరువాత తరచుగా సంక్షిప్తంగాను కనిపిస్తాయి.

త్యాగముగా ఆవాహన: పదవ ఆట (2001)

2001 జులై 19న విడుదలైన పదవ ఆటలో ఆవాహనయే మొత్తం కథ. స్పైరా అనే లోకాన్ని సిన్ అనే మహాభూతం పీడిస్తుంటుంది. దానిని నివారించగలవారు ఆవాహకులు మాత్రమే. యూనా అనే యువతి ఆలయం నుండి ఆలయానికి యాత్ర చేస్తూ, ఒక్కొక్క చోట ప్రార్థించి ఒక్కొక్క శక్తిని పొందుతుంది.

ఈ శక్తుల పుట్టుక విషాదకరమైనది. స్వచ్ఛందంగా ప్రాణమర్పించిన మనుషుల ఆత్మలను శిలావిగ్రహాలలో నిలుపుతారు. ఆవాహకులు పిలిచేది ఆ ఆత్మలు కంటున్న కలలను. అనీమా అనే భయంకర రూపం వెనుక ఉన్నది తన కుమారుని కోసం ప్రాణమిచ్చిన ఒక తల్లి. యాత్రాంతంలో పొందవలసిన చివరి శక్తికై ఆవాహకుని ఆప్తులలో ఒకరు ప్రాణమివ్వాలి. దానిని పిలిచిన ఆవాహకుడు కూడా మరణిస్తాడు. ఇంత చేసినను శాంతి కొన్నేళ్లు మాత్రమే, ఎందుకనగా ఆ చివరి శక్తియే తరువాత కొత్త సిన్‌గా మారుతుంది. ఈ సత్యం తెలిసిన యూనా ఆ సంప్రదాయాన్ని తిరస్కరిస్తుంది. చివరి ఘట్టంలో ఇన్నాళ్లు తనకు తోడు నిలిచిన శక్తులను తానే ఒక్కొక్కటిగా పిలిచి, పోరాడి, విగ్రహాలలోని ఆత్మలకు విముక్తి కలిగించవలసి వస్తుంది. ఆటగాడు తన చేతులతోనే ఆ పని చేయాలి. ఈ ఘట్టం ఈ పరంపరలో ఆవాహన కథకు శిఖరమని చెప్పవచ్చును.

ఆట పద్ధతిలో కూడా మార్పు వచ్చినది. పిలువబడిన శక్తి ఒక్క దెబ్బతో వెళ్లిపోక, మిగిలిన పాత్రల స్థానంలో నిలిచి ఆటగాని ఆదేశానుసారం పోరాడుతుంది. యొజింబో అనే యోధుడు మాత్రం డబ్బు తీసుకొని పని చేస్తాడు. ఇచ్చిన సొమ్మును బట్టి, పరిచయాన్ని బట్టి అతని శ్రద్ధ మారుతుంది.

సామూహిక ప్రార్థన: పదకొండు, పద్నాలుగు

2003 ఏప్రిల్ 1న స్క్వేర్, ఎనిక్స్ సంస్థలు విలీనమై స్క్వేర్ ఎనిక్స్ అయినవి. పదకొండవ ఆట (2002), పద్నాలుగవ ఆట (2010) అంతర్జాలం ద్వారా అనేకులు కలసి ఆడేవి. పదకొండవ ఆటలో పిలిచిన శక్తి ఎదుట నిలిచినంతసేపు ఆవాహకుని మంత్రబలం తరిగిపోతూనే ఉంటుంది.

పద్నాలుగవ ఆట మొదటి రూపం ఆదరణ పొందలేదు. నయోకి యొషిదా ఆధ్వర్యంలో తిరిగి నిర్మించి 2013 ఆగస్టులో విడుదల చేసినారు. ఇందులో అణచివేతకు గురైన తెగలు స్ఫటికాలను పోగుచేసి, ప్రార్థించి తమ దేవతలను రప్పించుకుంటాయి. వచ్చిన దేవత నేలలోని జీవశక్తిని హరిస్తుంది, దగ్గరున్నవారి మనస్సులను తన వశం చేసుకుంటుంది. కావున ఆటగాడు ఆ దేవతలను పిలిచేవాడు కాక, వారిని నివారించేవాడు. అయితే పిలిచినవారు దుష్టులు కారు. భూమిని, ఆప్తులను కోల్పోయి వేరే దారి లేక పిలిచినవారే ఎక్కువ.

తరువాతి ఆటలు

పన్నెండవ ఆట (2006)లోని ఎస్పర్లు దేవతలపై తిరుగుబాటు చేసి శిక్ష పొందిన వారు. మొత్తం పదమూడుగురు. వారిని ఓడించిన తరువాతనే పిలువవచ్చును. శివ, ఇఫ్రీత్, బహాముత్ వంటి పాత పేర్లు ఈ ఆటలో ఆకాశనౌకలకు, ఆకాశదుర్గానికి పెట్టబడినవి.

పదమూడవ ఆట (2009)లో శక్తి నిరాశా నిస్పృహలకు లోనైన పాత్ర ఎదుట దానంతట అదే ప్రత్యక్షమై పోరాటానికి దిగుతుంది. తన ధైర్యాన్ని నిరూపించుకున్న వారికే వశమవుతుంది. పోరాటంలో ఈ శక్తులు వాహనాలుగా కూడా మారుతాయి. ఓడిన్ గుర్రంగాను, శివ సోదరీమణులిద్దరూ కలసి ఒక మోటారు సైకిలుగాను మారడం వినోదకరం.

పదిహేనవ ఆట (2016)లో శక్తులు పర్వతప్రమాణం గల దేవతలు. వారితో ఒడంబడిక కుదిర్చేది లునాఫ్రేయా అనే దైవవక్త. ఆ బాధ్యత ఆమె శరీరాన్ని క్షీణింపజేస్తుంది. ఆటగాడు కోరినప్పుడల్లా దేవతలు రారు. పరిస్థితులు కుదిరి, వారి అనుగ్రహం కలిగినప్పుడే వస్తారు. ఆజ్ఞ పూర్తిగా అభ్యర్థనగా మారినదన్నమాట.

పదహారవ ఆట (2023 జూన్ 22)లో పిలిచేవారికి, పిలువబడేవారికి మధ్య గీత చెరిగిపోయినది. డామినెంట్లు అనే కొందరు మనుషులు తామే ఆ శక్తులుగా రూపాంతరం చెందుతారు. కథానాయకుడు క్లైవ్ ఇఫ్రీత్ కాగా, అతని తమ్ముడు జాషువా ఫీనిక్స్, జిల్ అనే యువతి శివ. కొన్ని రాజ్యాలలో వీరికి గౌరవం, మరికొన్నింటిలో వీరు కేవలం యుద్ధాయుధాలు. శక్తిని వాడిన కొద్దీ వారి శరీరం క్రమంగా రాయిగా మారుతుంది. ఆరవ ఆటలో మాయామృగం మరణించి రాయిగా మిగిలినది. పదహారవ ఆటలో మనిషియే రాయి అవుతున్నాడు.

పేర్లు, భారతీయ సంబంధం

ఈ శక్తుల పేర్లు అనేక దేశాల పురాణాల నుండి గ్రహింపబడినవి. ఓడిన్ ఉత్తర ఐరోపాకు, టైటాన్ గ్రీసుకు, లెవియాథాన్ హీబ్రూ గ్రంథాలకు, ఇఫ్రీత్ అరబ్బు కథలకు చెందినవి. బహాముత్ అరబ్బు కథలలో భూమిని మోసే మహామత్స్యం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే అమెరికా ఆటలో సర్పరాజుగా మారి, ఆ రూపంలోనే ఇక్కడ ప్రసిద్ధి పొందినది.

తెలుగు పాఠకులను ఆశ్చర్యపరచేవి భారతీయ నామాలు. ఈ ఆటలలో శివ మంచును ప్రయోగించే స్త్రీమూర్తి. పేరు తప్ప మన శివునితో పోలిక దాదాపు లేదు. నాలుగవ ఆటలోని అసురకు మూడు ముఖాలు. పద్నాలుగవ ఆటలో గరుడ ఝంఝామారుతాన్ని సృష్టించే క్రూరదేవత. రావణుడు (2015) నాలుగు చేతులతో నాలుగు కత్తులు పట్టిన యుద్ధదేవత. లక్ష్మి (2017) కుమార్తెను కోల్పోయిన ఒక తల్లి దుఃఖంలో పిలిచిన మూర్తి. ఈ పేర్లను మన పురాణాలకు వ్యాఖ్యానాలుగా కాక, కల్పిత పాత్రలకు పెట్టిన పేర్లుగానే గ్రహించడం సముచితం.

మేడారంతో ఒక పోలిక

సజీవమైన విశ్వాసాన్ని, వినోదానికై అల్లిన కల్పనను ఒకే గాటన కట్టరాదు. అయినను ఆవాహన అనే పదానికి గల పూర్తి అర్థం తెలియడానికి ఒక ఉదాహరణ ఉపకరిస్తుంది. ములుగు జిల్లాలోని మేడారం (2016 నుండి 2019 వరకు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండేది) జాతరలో కోయ పూజారులు చిలకలగుట్ట నుండి సమ్మక్కను, కన్నెపల్లి నుండి సారలమ్మను గద్దెలపైకి తెస్తారు. మహబూబాబాదు జిల్లాలోని పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజు, కొండాయి నుండి గోవిందరాజు వస్తారు. మొక్కులు అందుకున్న తరువాత వనప్రవేశంతో జాతర ముగుస్తుంది. అక్కడ తోడ్కొని రావడం ఎంత ముఖ్యమో, సాగనంపడం అంత ముఖ్యం.

తొలినాటి ఫైనల్ ఫాంటసీ ఆటలలో ఈ రెండవ భాగం లేదు. పని పూర్తికాగానే ప్రాణి తెరమీద నుండి మాయమయ్యేది. అది ఎక్కడికి పోయినదో ఎవరూ అడగలేదు. పదవ ఆటలో యూనా తన శక్తులకు వీడ్కోలు పలికిన ఘట్టంలో ఆ లోటు తీరినది.

ఆట నియమాలలో మార్పుల సారాంశం

- మూడు నుండి ఐదవ ఆట వరకు: మంత్రబలం వెచ్చించి పిలవడం, ఒకే దెబ్బ.
- ఆరవ ఆట: పోరాటానికి ఒకసారి పిలుపు. మంత్రాలు నేర్పే రాళ్లు.
- ఏడు, ఎనిమిది: సుదీర్ఘ దృశ్యాలు. ఎనిమిదవ ఆటలో మంత్రబలం ఖర్చు లేదు కాని, వచ్చే లోపల శక్తి గాయపడవచ్చును.
- పది: శక్తిని ఆటగాడే నడిపించడం.
- పదకొండు: నిలిచినంతసేపు ఖర్చు.
- పదిహేను: దేవతల అనుగ్రహం, పరిస్థితులపై ఆధారం.
- ఏడవ ఆట పునర్నిర్మాణం (2020): ముఖ్యమైన పోరాటాలలోనే పిలుపు. వచ్చిన శక్తి కొంతసేపు స్వయంగా పోరాడి, చివరి దెబ్బతో నిష్క్రమిస్తుంది.
- పదహారు: ఆటగాడే ఆ శక్తి.

ప్రాముఖ్యత

ఈ మార్పులకు యంత్రాల సామర్థ్యం పెరగడం ఒక కారణం. 1990లో తెరపై చిన్న బొమ్మగా ఉన్న బహాముత్ నేడు ఆకాశమంత కనిపిస్తున్నాడు. కాని బొమ్మ పెద్దదైనంత మాత్రాన కథ పెద్దది కాదని ఏడవ ఆట నిరూపించినది. ఆరు, పది, పద్నాలుగు, పదహారు సంఖ్యల ఆటలలో ఆవాహనకు బలం వచ్చినది దృశ్యం వలన కాక, పిలుపునకు మూల్యం చెల్లించే ముఖాన్ని చూపడం వలన. ఆ ముఖం ఒక్కో ఆటలో ఒక్కొక్కరిది: బంధింపబడిన ప్రాణి, విగ్రహంలోని ఆత్మ, జీవశక్తిని కోల్పోయిన నేల, చివరకు పిలిచినవాడే. మంత్రాన్ని పరీక్షించదలచిన కుంతికి కలిగిన అనుభవమే, ముప్పై మూడేళ్ల కాలంలో, ఈ ఆటలను ఆడినవారికి కూడా క్రమంగా కలిగినది.